ఫ్లైట్ సిమ్యులేటర్లలో ఆకాశ టెక్స్చర్లు, వర్ణ ప్రభావాలు

విమానయానాన్ని కంప్యూటర్‌పై అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో ఆకాశం, మబ్బులు, సూర్యుడు, దిగంతం, పొగమంచు ఏ రంగులో, ఎంత వెలుతురులో కనిపించాలో వాడుకరి తన అవసరాన్ని బట్టి మార్చుకోవడాన్ని ఆకాశ టెక్స్చర్ల, వర్ణ ప్రభావాల అనుకూలీకరణ అంటారు. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి, ఆకాశానికీ మబ్బులకీ వాడే బొమ్మల ఫైళ్లను, అంటే టెక్స్చర్లను మార్చడం. రెండోది, ఆ బొమ్మలను తెరమీదికి తెచ్చే లెక్కలను, అంటే షేడర్లను సవరించడం. పాత సిమ్యులేటర్లలో మొదటి పని ఎక్కువ, కొత్తవాటిలో దాదాపు అంతా రెండోదే.

సిమ్యులేటర్ తెరపై పెద్ద భాగం ఆకాశమే. నేల, నీరు, విమానం రెక్కలు కనిపించేది కూడా దాని వెలుతురులోనే. అందువల్ల ఆకాశం రంగు మారితే తక్కిన రంగులూ దానితోపాటు మారాలి. ఈ రంగంలో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ పొత్తు కుదరక వచ్చేవే.

ఆకాశం రంగుకు ఆధారం

సూర్యకాంతి గాలి అణువులకు తగిలి నలువైపులా చెదిరిపోవడం వల్ల ఆకాశం నీలంగా కనిపిస్తుంది. దీన్ని 1871లో లార్డ్ రేలీ వివరించాడు. చెదిరే కాంతి పరిమాణం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 450 నానోమీటర్ల నీలి కాంతి 650 నానోమీటర్ల ఎర్ర కాంతి కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. దుమ్ము, పొగ, తేమ బిందువుల వంటి పెద్ద కణాల వల్ల జరిగే పరిక్షేపణాన్ని 1908లో గుస్తావ్ మీ లెక్కించాడు. ఇది అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడుతుంది. వేసవిలో ఆకాశం పాలిపోయి కనిపించడానికీ, సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగు పరుచుకోవడానికీ ఇదే కారణం.

పొద్దు గుంకిన తరవాత నడినెత్తిన మిగిలే ముదురు నీలానికి ఈ రెండూ చాలవు. ఓజోన్ పొర నారింజ ప్రాంతపు కాంతిని పీల్చుకోవడం వల్లే ఆ నీలం నిలుస్తుందని 1953లో ఎడ్వర్డ్ హల్బర్ట్ చూపాడు. ఓజోన్‌ను లెక్కలోకి తీసుకోని సిమ్యులేటర్లలో సంధ్యాకాశం పసుపు, బూడిద రంగులకు తిరుగుతుంది. చాలామంది వాడుకరులు దీన్ని టెక్స్చర్ లోపమనుకుని బొమ్మలు మారుస్తూ పోతారు.

ఎత్తును బట్టి కూడా రంగు మారుతుంది. అణువుల సాంద్రత తగ్గుదలకు సుమారు 8 కిలోమీటర్లు, దుమ్ము కణాలకు సుమారు 1.2 కిలోమీటర్లు ప్రమాణంగా తీసుకోవడం గ్రాఫిక్స్‌లో ఆనవాయితీ. ప్రయాణికుల జెట్ ఎగిరే 11 కిలోమీటర్ల ఎత్తులో వాతావరణ ద్రవ్యరాశిలో నాలుగింట మూడు వంతులకు పైగా విమానం కిందే ఉండిపోతుంది. కాబట్టి అక్కడ నడినెత్తి ఆకాశం బాగా ముదురు నీలంగా ఉండాలి. రన్‌వే మీద నిలబడి తీసిన ఫొటోను ఆకాశంగా వాడిన సిమ్యులేటర్ ఈ మార్పును చూపలేదు.

చరిత్ర

1970లలో వైమానిక సంస్థల శిక్షణ సిమ్యులేటర్లకు వచ్చిన తొలి కంప్యూటర్ దృశ్య వ్యవస్థలు రాత్రి దృశ్యాలనే చూపేవి. నల్లటి తెరపై రన్‌వే దీపాలను చుక్కలుగా గీయడం ఆనాటి యంత్రాలకు సాధ్యం. పగటి ఆకాశాన్ని నింపడం వాటి శక్తికి మించిన పని.

వ్యక్తిగత కంప్యూటర్లకు ఫ్లైట్ సిమ్యులేటర్‌ను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. సబ్‌లాజిక్ సంస్థ తరఫున ఆయన యాపిల్ 2 కంప్యూటర్‌కు రాసిన ప్రోగ్రామ్‌లో నేల గీతలుగా, ఆకాశం ఖాళీగా ఉండేవి. 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటి కూర్పు వచ్చినప్పుడు నేలకొక రంగు, ఆకాశానికొక రంగు పూసేవారు. 1993 నాటి 5.0 కూర్పుతో టెక్స్చర్లు వచ్చాయి. ఫైలు మార్చి దృశ్యం మార్చుకునే అలవాటుకు పునాది అక్కడే పడింది.

2003లో వచ్చిన 'ఎ సెంచురీ ఆఫ్ ఫ్లైట్' కూర్పు మబ్బులకు కొత్త రూపమిచ్చింది. దాని మబ్బుల వ్యవస్థను రూపొందించిన నినియన్ వాంగ్ అదే ఏడాది ఆ పద్ధతిని సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వివరించారు. ఒక్కో మబ్బూ చిన్న చిన్న బొమ్మల ముక్కల గుంపు. కళాకారులు గీసిన కొద్దిపాటి ముక్కలనే తిప్పి, పేర్చి రకరకాల మబ్బులను కడతారు. ఆ కొద్ది ముక్కలను మారిస్తే ఆకాశంలోని మబ్బులన్నీ మారిపోతాయి. అందుకే ఈ కూర్పుకూ, 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌కూ మబ్బుల ప్యాకేజీలు వెల్లువెత్తాయి. రెక్స్ వంటి ఉత్పత్తులు మబ్బులు, ఆకాశం, సూర్యుడు, నీరు వేర్వేరుగా ఎంచుకుని కలుపుకునే వీలు కల్పించాయి. హైఫై సిమ్యులేషన్ సంస్థ తెచ్చిన యాక్టివ్ స్కై క్లౌడ్ ఆర్ట్ మరో అడుగు వేసి, ఆ పూట వాతావరణాన్ని బట్టి టెక్స్చర్లను తానే ఎంచడం మొదలుపెట్టింది.

మైక్రోసాఫ్ట్ 2009లో తన ఏసెస్ స్టూడియోను మూసేసింది. ఆ సాంకేతికతకు లైసెన్సు పొందిన లాక్‌హీడ్ మార్టిన్ దాన్ని ప్రిపేర్డ్‌ పేరుతో కొనసాగించింది. ఇందులో 2020 నాటి ఐదో కూర్పు ట్రూస్కై సాంకేతికతతో ఘనపరిమాణపు మబ్బులను తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అసోబో స్టూడియో తయారుచేసిన కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ విడుదలైంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మెటియోబ్లూ సంస్థ వాతావరణ సమాచారంతో అది ఆకాశాన్ని అప్పటికప్పుడు లెక్కగడుతుంది. మార్చడానికి వీలైన ఆకాశం బొమ్మ అంటూ అందులో మిగల్లేదు.

టెక్స్చర్ ఆకాశం: నిర్మాణం, లోపాలు

టెక్స్చర్ ఆధారిత సిమ్యులేటర్‌లో కెమెరా చుట్టూ ఒక పెద్ద గోపురం ఉంటుంది. దాని లోపలి వైపున రంగుల పట్టీ అతికిస్తారు. పట్టీ అడుగుభాగం దిగంతానికి, పైభాగం నడినెత్తికి సరిపోతుంది. వేకువ, పగలు, సంధ్య, రాత్రి వేళలకు వేర్వేరు పట్టీలుంటాయి. సూర్యుడి ఎత్తును బట్టి సిమ్యులేటర్ ఒకదానిలోంచి మరొకదానిలోకి కలుపుతూ పోతుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల దిగువకు చేరేదాకా పౌర సంధ్య, 12 దాకా నావిక సంధ్య, 18 దాకా ఖగోళ సంధ్య. మంచి ప్యాకేజీలో ఈ మూడు దశలకూ తగిన పట్టీలుంటాయి. నాసిరకం వాటిలో నారింజ ఆకాశం ఒక్కసారిగా నల్లబడుతుంది.

ఫైలు రూపం ఇక్కడ చాలా ముఖ్యం. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ కాలంలో విరివిగా వాడిన డీఎక్స్‌టీ1 కుదింపు పద్ధతి బొమ్మను 4×4 పిక్సెళ్ల గడులుగా విడగొడుతుంది. ఒక్కో గడికి రెండు రంగులను దాచుకుని, వాటి నడుమ మరో రెండింటిని లెక్కగట్టుకుంటుంది. అంటే పదహారు పిక్సెళ్లకు నాలుగే రంగులు. దాచుకునే రంగుల్లోనూ ఎరుపుకూ నీలానికీ 32 మెట్లే, ఆకుపచ్చకు 64. విమానం పైకప్పుకో, గడ్డి మైదానానికో ఇది సరిపోతుంది. ఆకాశంలో మాత్రం నీలం దిగంతం నుంచి నడినెత్తి దాకా సన్నసన్నగా ముదరాలి. 32 మెట్ల నీలంతో ఆ పని జరగదు. రంగు చారలుగా విడిపోతుంది, చారల అంచుల్లో కొద్దిపాటి ఆకుపచ్చ, గులాబీ మరకలు తేలతాయి. తెరను పెద్దది చేసి చూస్తే గడుల అంచులు కూడా కనిపిస్తాయి. దీనికి మందు రెండు విధాలు. ఆకాశపు పట్టీని కుదించకుండా 32 బిట్ల రూపంలో దాచడం ఒకటి. కుదించక తప్పనప్పుడు ముందుగా రంగుల్లో కంటికి ఆనని సన్నటి ఇసుకపొడి లాంటి చెదరుపాటును కలపడం మరొకటి.

కుదించకపోతే కంప్యూటర్ మెమరీ ఎక్కువ ఖర్చవుతుంది. 4096×4096 పిక్సెళ్ల బొమ్మ 32 బిట్లలో 64 మెగాబైట్లు, డీఎక్స్‌టీ5లో 16, డీఎక్స్‌టీ1లో 8 తీసుకుంటుంది. దూరానికి తగ్గట్టు వాడే చిన్న నకళ్లు చేరితే మూడో వంతు పెరుగుతుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 32 బిట్ల ప్రోగ్రామ్ కనుక ఎంత పెద్ద కంప్యూటర్‌లోనైనా అది అందుకోగలిగేది 4 గిగాబైట్లే. వివరమైన విమానాశ్రయం, పెద్ద జెట్, 4096 కొలత మబ్బుల బొమ్మలు కలిస్తే సుదీర్ఘ ప్రయాణం చివర, దిగే ముందు, ప్రోగ్రామ్ ఆగిపోయేది. పట్టీ వెడల్పు ఎంతున్నా ఆకాశంలో వివరాలుండవు. అందుకని పెద్ద కొలతలను మబ్బులకు కేటాయించి, ఆకాశాన్ని చిన్న కొలతలో కుదించకుండా ఉంచడం తెలివైన పద్ధతి.

మబ్బుల బొమ్మలకు పారదర్శకత పొర ఉంటుంది. పూర్తిగా పారదర్శకమైన పిక్సెళ్ల కింద కూడా ఒక రంగు దాగి ఉంటుంది. అది నలుపైతే, సిమ్యులేటర్ పక్కపక్క పిక్సెళ్లను కలిపేటప్పుడు ఆ నలుపు అంచులకు పాకి ప్రతి మబ్బు చుట్టూ మసి గీత పడుతుంది. కనిపించని ఆ భాగాన్ని మబ్బు అంచు రంగుతోనే నింపితే గీత పోతుంది. కొత్తగా టెక్స్చర్లు తయారుచేసేవారికి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

దిగంతం అతుకు

దూరంగా ఉన్న నేలను సిమ్యులేటర్ మంచు రంగులోకి కరిగిస్తుంది. ఆ మంచు రంగు ఒక చోటి నుంచి, ఆకాశపు పట్టీ అడుగు రంగు మరో చోటి నుంచి వస్తాయి. రెండూ కలవకపోతే దిగంతం పొడవునా ఒక గీత కనిపిస్తుంది. ఆకాశాన్ని మరింత నీలంగా మార్చాలనుకునే వాడుకరి పట్టీ మొత్తాన్ని ముదురు చేస్తాడు. మంచు మాత్రం పాత తెలుపులోనే ఉండిపోతుంది. నేలకూ ఆకాశానికీ మధ్య సున్నం పట్టీ వేసినట్టవుతుంది. కాబట్టి పట్టీలో కింది కొద్ది భాగాన్ని మంచు రంగుకు సరిపోయేలా వదిలేసి, పై భాగాన్నే మార్చాలి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఈ సమస్య పెరుగుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం సుమారు 370 కిలోమీటర్ల దూరంలో, కంటిమట్టానికి 3 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. పాత సిమ్యులేటర్లు అంత దూరం నేలను గీయవు. నేల ఆగినచోటికీ అసలు దిగంతానికీ మధ్య ఖాళీని మంచు రంగే పూడ్చాలి.

మంచు ఎంత దట్టంగా ఉండాలో చెప్పే సూత్రం 1924 నుంచి ఉంది. కోష్మీడర్ సూత్రం ప్రకారం దూరం పెరిగేకొద్దీ వస్తువుకూ నేపథ్యానికీ ఉన్న వెలుగు తేడా ఘాతీయంగా తగ్గుతుంది. విమానయాన వాతావరణ శాస్త్రంలో ఆ తేడా 5 శాతానికి పడిపోయే దూరాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. ఆ లెక్కన క్షీణత గుణకం 3ను దృశ్యమానతతో భాగించగా వచ్చేది. 10 కిలోమీటర్లకు అది కిలోమీటరుకు 0.3. విమానాశ్రయాల మెటార్ నివేదికలో 9999 అని ఉంటే దృశ్యమానత 10 కిలోమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ అని అర్థం. దాన్ని సరిగ్గా 10 కిలోమీటర్లుగా తీసుకునే సాఫ్ట్‌వేర్ నిర్మలమైన రోజున కూడా తెరనిండా మసక పరుస్తుంది. రంగులు పాలిపోయాయని అనిపించినప్పుడు టెక్స్చర్ జోలికి పోకముందు చూడవలసింది ఈ సంఖ్యనే. దీనికి భిన్నంగా, డిసెంబర్, జనవరి ఉదయాల్లో గన్నవరం విమానాశ్రయాన్ని కప్పే పొగమంచు లాంటిది నేలను ఆనుకున్న పలచని పొరగానే ఉంటుంది. దాన్ని ఆకాశమంతటికీ ఒకే మంచుగా గీస్తే, పైకి లేచిన విమానం కూడా మంచులోనే ఉండిపోతుంది. నేలమట్టానికి ఒక విలువ, పైగాలికి మరొక విలువ ఇచ్చే వీలున్న సిమ్యులేటర్లలోనే ఈ దృశ్యం సరిగా వస్తుంది.

షేడర్ ఆకాశం

ఆకాశాన్ని బొమ్మగా కాక లెక్కగా గీయాలన్న ఆలోచన 1993లో తొమోయుకి నిషిత బృందం ప్రచురించిన పరిశోధనతో ఊపందుకుంది. 1999లో ప్రీతమ్, షర్లీ, స్మిట్స్ పగటి ఆకాశానికి సులువైన సూత్రం ఇచ్చారు. అందులో గాలి మలినతను ఒక్క సంఖ్యతో మార్చవచ్చు. 2008లో బ్రూనెటన్, నేరే అనే ఇద్దరు ముందే లెక్కగట్టి దాచుకునే పద్ధతిని చూపారు. నేల నుంచి అంతరిక్షం దాకా ఏ ఎత్తులోనైనా అది పనిచేస్తుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన ఫ్లైట్‌గేర్ ఈ విషయంలో అధ్యయనానికి అనువైనది. 1996లో ప్రతిపాదనగా మొదలై, మరుసటి ఏడాది తొలి కూర్పు వెలువడిన ఈ సిమ్యులేటర్‌లో షేడర్లు మామూలు పాఠ్య ఫైళ్లుగానే ఉంటాయి. వాటిని ఎవరైనా తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు. 2010ల తొలినాళ్లలో భౌతిక శాస్త్రవేత్త థార్‌స్టెన్ రెంక్ అభివృద్ధి చేసిన వాతావరణ కాంతి పరిక్షేపణ చట్రం నేలమంచు మందాన్నీ, పైగాలి దృశ్యమానతనూ విడివిడిగా తీసుకుంటుంది. గాలి కాలుష్యాన్ని కూడా లెక్కలో కలుపుతుంది. ఆకాశం, దూరపు కొండలు, మంచు ఒకే లెక్కలోంచి వస్తాయి కనుక దిగంతంలో అతుకు పడదు (చూడండి: దిగంతం అతుకు). బొమ్మలు పోగేయడం కన్నా ఈ చట్రంలో ఒక్క విలువ మార్చి ఫలితం గమనించడం వల్ల ఆకాశం గురించి ఎక్కువ తెలుస్తుంది.

లామినార్ రీసెర్చ్ సంస్థ అధిపతి ఆస్టిన్ మేయర్ రూపొందించిన ఎక్స్‌ప్లేన్ మధ్యేమార్గం పట్టింది. దాని 11వ కూర్పు దాకా ఆకాశపు రంగులు బొమ్మల ఫైళ్లలో ఉండేవి. వాడుకరులు వాటిని మార్చుకునేవారు. ఫ్లైవిత్‌లూవా అనే అనుబంధం సాయంతో చిన్న స్క్రిప్టు రాసి, పరిక్షేపణానికీ మంచుకీ సంబంధించిన లోపలి విలువలను కూడా కదిపేవారు. అవి సంస్థ తన వాడకానికి ఉంచుకున్న విలువలు, కొత్త కూర్పులో ఉంటాయన్న హామీ లేదు. 2022లో వచ్చిన 12వ కూర్పు అసలు వెలుతురు కొలతలతో పనిచేసే పద్ధతికి మారడంతో పాత రంగుల ప్యాకేజీలు పనికిరాకుండా పోయాయి.

ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో, ప్రిపేర్డ్‌లో షేడర్ ఫైలు సవరించాక దాచిపెట్టిన పాత నకళ్లను, అంటే షేడర్ కాష్‌ను తుడిచేయాలి. లేకపోతే సిమ్యులేటర్ పాత రంగులనే చూపే వీలుంది.

వర్ణ ప్రభావాలు

గీత పూర్తయిన దృశ్యం మీద చివరగా చేసే మార్పులు మరో తరగతి. ఎండ పడిన నేలపై వెలుతురు దాదాపు లక్ష లక్స్. నిండు వెన్నెలలో అది పావు లక్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఇంత విస్తృతిని మామూలు తెర చూపలేదు. అందువల్ల సిమ్యులేటర్ వెలుతురును కుదించి తెరకు సరిపెడుతుంది. దీన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. దాని వంపును మారిస్తే సూర్యుడి చుట్టూ ఉన్న మబ్బుల వివరం మిగలడమో, తెల్లగా కాలిపోవడమో జరుగుతుంది. ప్రకాశించే చోట్ల నుంచి వెలుగు పక్కలకు చిమ్మే బ్లూమ్ ప్రభావం ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లోనే ఉంది. అప్పటి కంప్యూటర్లకు అది మోయలేని బరువు కావడంతో చాలామంది ఆపేసేవారు.

బయటి సాధనాల్లో బోరిస్ వొరొంట్సోవ్ తయారుచేసిన ఈఎన్‌బీ సిరీస్, తరవాత వచ్చిన రీషేడ్ ప్రసిద్ధమైనవి. ఇవి సిమ్యులేటర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య నిలిచి, సిద్ధమైన చిత్రానికి రంగుల సాంద్రత, వెలుగు తేడా, తెలుపు సమతుల్యం, పదును వంటివి సవరిస్తాయి. వీటికున్న పెద్ద పరిమితి తేలిగ్గా కనిపెట్టవచ్చు. ఆకాశం ఏదో, విమానంలోని కొలపరికరాల పలక ఏదో ఇవి సాధారణంగా వేరుచేయవు. ఆకాశాన్ని నీలం చేయబోతే తెల్లటి సూచికలూ నీలం తిరుగుతాయి. ముదురు నీడల కోసం తేడా పెంచితే కాక్‌పిట్ అడుగుభాగంలోని మీటలు చీకట్లో కలిసిపోతాయి. కాబట్టి ఈ సాధనాలతో చేసే మార్పు కొద్దిపాటిగానే ఉండాలి.

నీటి రంగు ప్రత్యేకించి చెప్పదగినది. అనేక సిమ్యులేటర్లలో నీరు ఆకాశపు టెక్స్చర్‌నే ప్రతిబింబిస్తుంది. ఆకాశం మారితే సముద్రమూ మారుతుంది. కడలి నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ భావించాడు. నీటి అణువులే కాంతిని చెదరగొడతాయని 1921లో నిరూపించినవాడు, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్. ప్రతిబింబం మీదే ఆధారపడిన సిమ్యులేటర్లలో మబ్బు పట్టిన రోజున సముద్రం సీసం రంగుకు మారడానికి ఈ రెండో భాగం లెక్కలో లేకపోవడమే కారణం.

మార్చే పద్ధతి

అసలు ఫైళ్ల నకలు వేరే చోట దాచడం మొదటి పని. తరవాత ఒక విమానాశ్రయం, ఒక తేదీ, ఒక వాతావరణం స్థిరంగా ఉంచుకుని ఉదయం, మధ్యాహ్నం, సంధ్య వేళల్లో, నేలమీదా ఎత్తులోనూ తెర చిత్రాలు తీసుకోవాలి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి మళ్లీ అవే చిత్రాలు తీస్తే తేడా తేటతెల్లమవుతుంది. అంతకన్నా ముందు మానిటర్‌ను ప్రామాణిక రంగుల స్థితిలో పెట్టాలి. రంగుల సాంద్రత విపరీతంగా పెంచిన మానిటర్‌పై సరిచేసిన ఆకాశం మరొకరి తెరపై పేలవంగా కనిపిస్తుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ కోసం డీడీఎస్ ఫైలు రూపంలోని బొమ్మలను తలకిందులుగా దాచాలన్న నియమం మరిచిపోరాదు. మైక్రోసాఫ్ట్ 2020 కూర్పులో అయితే వాతావరణ పలకలోని ఏరోసాల్ మీటతో గాలి మలినతను పెంచి తగ్గించడం, మబ్బుల పొరలను స్వయంగా అమర్చడం వరకు వీలుంది.

శిక్షణలో ప్రాముఖ్యం

ఆకాశం రంగు పైలట్‌కు సమాచారం. దిగంతాన్ని చూసి విమానం వాలును, మసకను చూసి దూరాన్ని, మబ్బు అడుగు రంగును చూసి వాన తీవ్రతను అంచనా వేస్తాడు. కంటిచూపు నియమాల ప్రకారం ఎగరడానికి 10,000 అడుగుల దిగువన 5 కిలోమీటర్లు, ఆపైన 8 కిలోమీటర్ల దృశ్యమానత ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడిపిన చిన్న విమానం అమెరికాలోని మార్తాస్ వైన్‌యార్డ్ దగ్గర సముద్రంలో కూలింది. నీటిపై రాత్రివేళ దిగుతుండగా పైలట్ దిక్కుభ్రమకు లోనై విమానంపై అదుపు కోల్పోయాడని, మసక, చీకటి రాత్రి అందుకు తోడ్పడ్డాయని దర్యాప్తు సంస్థ తేల్చింది. మసకను తీసేసి, దిగంతాన్ని నిత్యం పదునుగా ఉంచే ప్యాకేజీ చూపుకు ఎంత అందంగా ఉన్నా, ఇలాంటి రాత్రిని అభ్యసించే అవకాశాన్ని తీసేస్తుంది. రాత్రి ఆకాశాన్ని మరీ వెలుగుగా ఉంచడమూ ఇలాంటిదే. దీపాలు లేని ప్రాంతం మీదుగా రన్‌వే వైపు దిగేటప్పుడు ఎత్తును తప్పుగా అంచనా వేసే ప్రమాదం నల్లటి నేల ఉంటేనే అనుభవంలోకి వస్తుంది.

హక్కులు

వాణిజ్య సిమ్యులేటర్ల అసలు టెక్స్చర్లను సవరించి పంచడానికి లైసెన్సు సాధారణంగా ఒప్పుకోదు. సొంతంగా తీసిన ఫొటోలతోనో, గీతలతోనో తయారుచేసినవాటిని పంచవచ్చు. ఫ్లైట్‌గేర్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కనుక దాని షేడర్లను మార్చి పంచేవారు మార్చిన మూలాన్ని కూడా అదే షరతులతో అందుబాటులో ఉంచాలి.